చిన్నాన్న బండికి ఎడంకన్ను

చిన్నాన్న పెద్దదినం అయ్యాక ఆయన కొడుకు నన్ను ఇంటిదగ్గర దింపుతానని బండి తీశాడు. వాడికి మేం పెట్టిన పేరు అప్పలరాజు, ఊరికి మాత్రం బర్మా పేరుతో కో ఆంగ్. బండి కొత్తది, చైనా నుంచి వచ్చింది, కరెంటుతో నడుస్తుంది. నేను అలవాటు కొద్దీ ఎడంపక్క తలుపు తీసి కూర్చోబోతే అక్కడ స్టీరింగు ఉంది. "అక్కా, ఇప్పుడొచ్చే బళ్ళన్నిటికీ స్టీరింగు ఎడంపక్కే. నువ్వు అటెల్లు" అని వాడు నవ్వాడు. నేను బండి చుట్టూ తిరిగి కుడిపక్క కూర్చుని, లమ్మడాలో మా వీధి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాను. చిన్నాన్న పోయిన బాధ అనుకుని వాడు కదిలించలేదు. ఆ బాధ ఉంది, కాదనను. కానీ ఆ ఎడంపక్క సీటులో కూర్చున్న ఒక పొద్దు నాకు గుర్తొచ్చిందని వాడికి ఎలా చెప్పను? అప్పటికి వాడు పుట్టనేలేదు.

మా బర్మాలో బళ్ళు రోడ్డుకి కుడివైపు నడవాలి. నేను పుట్టకముందు ఎడమవైపు నడిచేవట, ఎవరికో బుద్ధి పుట్టి ఒక్కసారిగా మార్చేశారు. అమెరికా బళ్ళకి స్టీరింగు ఎడమవైపే ఉంటుంది కాబట్టి వాటికి ఏ చిక్కూ లేదు. జపాన్ నుంచి ఓడల్లో దిగే పాత బళ్ళకి మాత్రం స్టీరింగు కుడివైపు. కుడివైపు నడుస్తూ కుడివైపు కూర్చున్న డ్రైవరుకి కాలవగట్టూ, నడిచేవాళ్ళ మోచేతులూ కనిపిస్తాయి గానీ, ముందున్న లారీకి అవతల ఏమొస్తోందో కనపడదు. దాటాలంటే ఎడంపక్క కూర్చున్న మనిషి తల బయటపెట్టి చూసి చెప్పాలి. చిన్నాన్న బండిలో ఆ మనిషిని నేను. నాకు అప్పుడు బడిలో చివరి ఏడు. "ఈ గుంట నా ఎడంకన్ను" అని చిన్నాన్న టీకొట్టులో అందరిముందూ అనేవాడు, నేను ఎటో చూస్తున్నట్టు నటించి లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

మేమంతా లమ్మడాలో మూడో అంతస్తులో, పొడుగ్గా సొరంగంలా ఉండే ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ముందు గదిలో నాన్నమ్మ, మధ్యలో మేము, వంటింటి పక్కన చిన్నాన్న. మెట్లు ఎక్కలేని నాన్నమ్మకి లోకమంతా వరండాలోంచి వేలాడే తాడు. తాడు చివర ఒక క్లిప్పు, పైన ఒక గంట. కూరలవాడు గంట లాగితే నాన్నమ్మ పైనుంచే బేరమాడి, సంచీ పైకి లాక్కుని, తోటకూర వాడిపోయిందని మళ్ళీ కిందకి దింపేది. ఇంట్లో పొద్దున్న ఉప్పుచేప వాసన, మధ్యాహ్నం పక్కింటివాళ్ళ ఙపీ చేపముద్ద వాసన, సాయంత్రం అగరొత్తులు. వీటన్నిటి మీదా ఎప్పుడూ పెట్రోలు వాసన. పెట్రోలు అప్పట్లో రేషను మీద ఇచ్చేవారు. నాన్న తన వంతు తెచ్చి డబ్బాల్లో పోసి మంచంకింద దాచేవాడు. "పొయ్యి వెలిగించే ఇంట్లో ఇదేటి పెంటయ్యా? ఒకనాడు అందరం కాలిపోతాం" అని అమ్మ గోల పెట్టేది. ఆయన డబ్బా మూత ఇంకొంచెం బిగించి మళ్ళీ మంచంకిందే పెట్టేవాడు.

ఆ పెట్రోలంతా ఆయన అమెరికా బండికి. ఎనిమిది సిలిండర్ల ఇంజను, మా వంటిల్లంత బోనెట్టు, రెండు పక్కలా రేకుల మెరుపు. సేక్కాన్ రేవులో మూటలు మోసిన మా తాత, తర్వాత ఒక తెలుగు షావుకారు దగ్గర డ్రైవరుగా కుదిరాడు. ఆ షావుకారు కుటుంబం దేశం విడిచి ఓడెక్కేటప్పుడు తాళం తాత చేతిలో పెట్టి, మేం వచ్చేదాకా నువ్వే చూసుకో అన్నారట. వాళ్ళు రాలేదు. తాత బతికున్నంతకాలం అది షావుకారుగారి బండే. ఆయన పోయాకే నాన్న దాన్ని "మన బండి" అన్నాడు. పెళ్ళిళ్ళకి పూలు కట్టి తిప్పేవాడు. ఆదివారాలు పాత లుంగీతో తుడిచి, బోనెట్టు మీద ఒక మందారం పెట్టి, ఇంజను తిప్పి, దాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "మా బాబు లోపల మాటాడుతున్నట్టుంటాది" అనేవాడు. తాత గొంతు పెద్దదని విన్నాను, ఆ ఇంజనుదీ అంతే. అది బయల్దేరితే వరండాలో నాన్నమ్మ గంట దానంతటదే మోగేది.

చిన్నాన్నది జపాన్ బండి. స్ప్రింగులు కోయించి నేలకి దించాడు, సైలెన్సరు మార్పించాడు, వెనక డిక్కీ మీద రేకుతో ఒక రెక్క అతికించాడు. తలుపు మీద జపాన్ అక్షరాలు ఏవో ఉంటే, అది రేసుల కంపెనీ పేరని చెప్పుకుంటూ వాటిమీద గీత పడకుండా కాపాడేవాడు. ఒకసారి రేవులో ఓడ దిగిన జపాన్ మనిషి అవి చదివి, ఏదో బట్టలు ఉతికే కొట్టు పేరని చెప్పాడు. ఆ కబురు నాన్నకి ఎవరు చేరవేశారో తెలీదు గానీ, ఆ వారమంతా ఆయన తన మాసిన చొక్కాలు మూటగట్టి చిన్నాన్న బండిలో పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే మా వీధి మొదట్లో ఉన్న టీకొట్టులో రెండు జట్లు చేరేవి. ఒక బల్ల దగ్గర నాన్నా, పాత అమెరికా బళ్ళ యజమానులూ. వాళ్ళు కప్పు టీ గంటసేపు తాగేవారు. ఇంకో బల్ల దగ్గర చిన్నాన్నా, జపాన్ బళ్ళకి రెక్కలూ తోకలూ అతికించిన కుర్రాళ్ళూ. తెలుగువాళ్ళు, బర్మావాళ్ళు, చీనావాళ్ళు అందరూ కలిసే ఉండేవారు. జపాన్ బళ్ళని వాళ్ళు కుట్టుమిషన్లు అనేవారు, అమెరికా బళ్ళని వీళ్ళు రోడ్డురోలర్లు. ఎవరి బండి ఆగిపోయినా మిగతావాళ్ళంతా చొక్కాలు విప్పి దాని కిందకి దూరేవారు, పైకొచ్చి మళ్ళీ తిట్టుకునేవారు. అదంతా సరదానే. నాన్న ఇంజనులో కొట్టుకుంటున్న చప్పుడు మొదలయ్యేదాకా.

ఇంజను అరిగిపోతోంది. దానికి సామాను దొరకదు, పెట్రోలేమో నీళ్ళలా తాగేస్తోంది. పెళ్ళివాళ్ళు మధ్యదారిలో బండి ఆగిపోతుందేమోనని వేరే బళ్ళు చూసుకుంటున్నారు. చిన్నాన్న ఎక్కడో విరిగిపోయిన బండిలోంచి నాలుగు సిలిండర్ల జపాన్ ఇంజను ఒకటి చూసిపెట్టాడు. "పై రూపు అలాగే ఉంటాది అన్నియ్యా. లోపలిదే మారతాది. బండి బతికిపోతాది" అని బతిమాలాడు. నాన్న వినలేదు. లోపలిది మారితే ఇంక మిగిలేదేటని కేకలేశాడు. ఇంట్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహం అయ్యారు. అన్నం దగ్గర చారు గిన్నె కావాలన్నా నాతోనే చెప్పించేవారు. ఒక ఆదివారం టీకొట్టులో ఎవరో చిన్నాన్నని రెచ్చగొట్టారు. చిన్నాన్న, రోడ్డురోలరు నా బండి వెనకే ఉండాలి గానీ ముందు కాదు అనేశాడు. నాన్న టీ కప్పు కింద పెట్టి, అందరూ వినేటట్టు, "నీ కుట్టుమిషను నన్ను దాటితే నా ఇంజను నా సేత్తోనే దింపేత్తాను. దాటకపోతే ఆ మాట జన్మలో ఎత్తకు" అన్నాడు. చిన్నాన్న కూడా లేచి, దాటలేకపోతే తన రెక్క కోసి నాన్నమ్మకి అప్పడాల పీటగా ఇచ్చేస్తానన్నాడు. రెండు బల్లలూ నవ్వాయి. నేను మాత్రం నాన్న వైపే చూశాను. రెక్క పోతే పోతుంది, ఇంకోటి అతికించుకోవచ్చు. ఆ ఇంజను పోతే నాన్న ఆదివారాలు ఏం చేస్తాడు?

పందెం ఆ పై ఆదివారం తెల్లవారగానే, వంతెన దాటాక లైంగ్‌థార్యార్ వైపు పోయే రోడ్డు మీద. వంతెన చివర నాన్న ముందు, చిన్నాన్న వెనక. బట్టల ఫ్యాక్టరీలు దాటాక మలుపులో చేపల పులుసులో సేమ్యా వేసి అమ్మే ఒక మొహింగా కొట్టు ఉంది, ఆలోపు చిన్నాన్న దాటాలి. ఎడంకన్ను కాబట్టి నేను చిన్నాన్న బండిలో కూర్చోవాలి. నాన్న ఓడిపోవడానికి నేనే దారి చూసి చెప్పాలన్నమాట. ముందురోజు నేను రానని ఏడిస్తే నాన్నే నన్ను పిలిచి, "ఎల్లమ్మా. నువ్వు నేకపోతే ఆడు గుడ్డోడు. గుడ్డోడి మీద గెలిస్తే అదేటి గెలుపు?" అన్నాడు.

మా మధ్య మాటలు రెండే. దారి ఖాళీగా ఉంటే "రా". ఎదర బండి వస్తుంటే "ఆగు". వెనకసీటులో కూర్చునే చిన్నాన్న స్నేహితులు ఎప్పుడూ బర్మీస్‌లో అరుస్తూ ఉంటారు. వాళ్ళ గోలలో నా మాట కలిసిపోకుండా, నేను తెలుగులోనే చెప్పాలని చిన్నాన్న పెట్టిన నియమం అది. మరి బర్మీస్‌లో "లా" అంటే కూడా రావడమే. అరవై మంది బర్మా పిల్లల మధ్య చదివిన నాకు ఆ భాషే ముందు నోటికొచ్చేది. వీధిలో ఆడుకునేటప్పుడు బండి వస్తే అందరం "లా, లా" అనే అరిచి పక్కకి గెంతేవాళ్ళం. రా అంటే నువ్వు రా అని. లా అంటే అదిగో వస్తోంది అని. పెదాలు దాటేటప్పుడు రెండిటికీ తేడా నాలుక కొసంత.

ఆ పొద్దున్న రోడ్డు మీద మంచు పల్చగా ఉంది. రెండు పక్కలా కాలవలు, వాటినిండా తూటికూర. నాన్న బండి ముందు నల్లగా, వెడల్పుగా, రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. దాని చప్పుడు నా సీటుకింద నుంచి పళ్ళలోకి వస్తోంది. చిన్నాన్న సైలెన్సరు చప్పుడు దానికి తోడు. నేను తల బయటపెట్టాను. గాలికి కళ్ళనీళ్ళు కారుతున్నాయి. మొదటిసారి ఎదర ఎద్దుబండి, "ఆగు" అన్నాను. రెండోసారి సైకిళ్ళ మీద ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు, "ఆగు". చిన్నాన్న పళ్ళు కొరుకుతున్నాడు. ఫ్యాక్టరీ గోడలు అయిపోతున్నాయి. మలుపు దగ్గరపడుతోంది. ఇంకొంచెంసేపు దారి దొరక్కపోతే నాన్న ఇంజను మిగిలిపోతుంది. దొరక్కపోతే బాగుండునని నేను అనుకున్నాను, దొరికితే రా అని చెప్పి తీరాలనీ అనుకున్నాను.

అప్పుడే మలుపులోంచి పికప్ బండి వచ్చింది. వెనకాల ఫ్యాక్టరీ ఆడపిల్లలు కడ్డీలు పట్టుకుని నిలబడి ఉన్నారు, మొహాలకి తనకా చెక్క గంధం పూసుకుని, చేతుల్లో టిఫిను గిన్నెలతో. నేను వాళ్ళ మొహాలు చూశాను. భయానికి ఆగు అన్న మాట నాకు దొరకలేదు. "లా! లా!" అని అరిచాను.

చిన్నాన్న బండి ఎడమవైపుకి తిప్పి ఒక్కసారిగా తొక్కాడు.

మేం నాన్న బండి పక్కకి వచ్చేశాం. ఎదర పికప్, దాని హారను, ఆ పిల్లల కేకలు. వెనక్కి తగ్గడానికి చోటు లేదు, ముందుకి పోవడానికి లేదు. నేను చిన్నాన్న చెయ్యి పట్టుకున్నాను, పట్టుకోకూడదని తెలిసీ. నాన్న అద్దంలో చూశాడో, నేరుగా చూశాడో, ఆ పెద్ద బండి కుడివైపుకి ఒరిగి, గట్టు దాటి, తూటికూరలోకి దిగిపోయింది. అది ఖాళీ చేసిన చోటులోకి చిన్నాన్న దూరాడు. పికప్ మా తలుపుని రాసుకుంటూ వెళ్ళిపోయింది.

బండి ఆగాక చిన్నాన్న దిగి రోడ్డు మీద చతికిలబడ్డాడు. నాన్న బండి ముక్కు కాలవలో, తోక ఆకాశంలో. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది, అంత గట్టిగానూ. నాన్న లోపల కూర్చుని ఉన్నాడు, చెయ్యి తాళం మీద ఉంది గానీ తిప్పడంలేదు. ఎంతసేపటికో తిప్పాడు. ఆ చప్పుడు ఆగాకే నేను ఏడుస్తున్నానని నాకు వినపడింది. నాన్న మోకాళ్ళదాకా బురదతో గట్టెక్కి, బండి వంక చూడకుండా నా దగ్గరికొచ్చి, నా తల, చేతులు తడిమి చూశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగాడు.

"పిల్ల ఏటన్నాది?"

"రా అన్నాది అన్నియ్యా. సత్తెంగా రా అన్నాది."

"నేదు నాన్నా, లా అన్నాను. బండి వస్తన్నాదని" అన్నాను.

చిన్నాన్న నా వంక చూసి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఫ్యాక్టరీ దగ్గరి జనం తాళ్ళు వేసి బండిని బయటికి లాగారు. నాన్నమ్మకి మాలో ఎవరూ చెప్పలేదు, పక్కింటావిడ చెప్పేసింది.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన పోట్లాట ఎవరింట్లోనూ జరిగి ఉండదు. ఓడింది నేనంటే నేనని ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. చిన్నాన్న తన రెక్క కోసి తెచ్చి నాన్నమ్మ ముందు పెట్టాడు. "ఇదేట్రా?" అంది ఆవిడ. "అప్పడాల పీట" అన్నాడు. ఆవిడ దాన్ని వేలితో తట్టి చూసి, "కుదురు నేని యెదవల్లారా, నా గుంటని సంపేసీవారు కదర్రా" అని ఏడ్చింది. నాన్నేమో, ఆడు నన్ను దాటాడు, మాట మాటే, ఇంజను దింపుతానంటాడు. నువ్వు దారిస్తే దాటాను, అదీ ఒక దాటడమేనా అని చిన్నాన్న. నాన్న రోజూ కిందకి దిగి బోనెట్టు ఎత్తేవాడు, ఏమీ ముట్టుకోకుండా దించేసేవాడు. చెయ్యి ఆనించడం మానేశాడు. వరండాలోంచి చూస్తూ నేను, దేవుడా, ఇంజను దింపకుండా ఈయన మనసు మారనీ అని మొక్కుకునేదాన్ని.

ఇప్పుడు ఆదివారాలు మా వాళ్ళ పిల్లలకి నేను తెలుగు అక్షరాలు చెప్తాను. ర అనమంటే ల అంటారు, లేకపోతే య అంటారు. వాళ్ళ తల్లులు నవ్వుతారు, నేను నవ్వలేను. పదిసార్లు అనిపిస్తాను. ఇంత చాదస్తం దేనికి టీచరమ్మా అంటారు. ఇప్పటి బళ్ళలో ఆ అవసరం లేదు నిజమే. డ్రైవరు కళ్ళు డ్రైవరుకే ఉన్నాయి, పైగా చుట్టూ కెమెరాలు. పక్కన కూర్చున్న మనిషి ఫోను చూసుకోవచ్చు. టీకొట్టు ఉంది గానీ బళ్ళ గురించి తిట్టుకునేవాళ్ళు లేరు, కుర్రాళ్ళు చాలామంది ఊళ్ళోనే లేరు. నేను పాతకాలమే మేలనేదాన్ని కాదు. పక్కమనిషి కన్నుని అంతగా నమ్మి బండి తిప్పడం ఎంత గొప్పో, ఎంత పిచ్చో నాకు బాగా తెలుసు.

అప్పటి ఆ పోట్లాట చాలా రోజులు సాగి, చివరికి ఒకరోజు నాన్న బండిని సేక్కాన్‌లో తెలిసినవాళ్ళ షెడ్డుకి తోసుకెళ్ళాడు. మేస్త్రీని ముట్టుకోనివ్వలేదు. బోల్టులన్నీ తానే విప్పాడు. ఇంజనుకి గొలుసు కట్టి పైన చెయిన్‌కప్పీకి తగిలించాక చిన్నాన్న పరిగెత్తుకొచ్చి ఆ గొలుసు పట్టుకున్నాడు.

"వద్దన్నియ్యా. పందెం నేను ఒప్పుకోను. నీ కాళ్ళట్టుకుంటాను. బాబు మాటాడుతున్నట్టుంటాదన్నావు కదా."

"పందెం ఎవుడిక్కావాల్రా" అన్నాడు నాన్న. గొంతు చాలా తగ్గించి అన్నాడు, నేను అక్కడే ఉన్నానని మర్చిపోయినట్టున్నాడు. "బాబు గొంతు వినాలని ఇన్నేళ్ళు దీన్ని మోసేను. ఆ పొద్దు పిల్ల పక్కనే అరిచినాది. దీని రొదలో నీకు ఒకటి వినపడ్డాది, నాకు అసలేటీ వినపళ్ళేదు. గొలుసు ఒగ్గు."

చిన్నాన్న గొలుసు వదిలేశాడు. తర్వాత ఇద్దరూ కలిసి లాగారు. ఇంజను ఊగుతూ పైకి లేచింది, నూనె బొట్లు నేలమీద పడ్డాయి, చిన్నాన్న ఏడుస్తూనే లాగాడు. నాన్న ఏడవలేదు.

కొత్త ఇంజను పెట్టాక మొదటిసారి నన్నే కూర్చోబెట్టుకుని రేవు రోడ్డు మీద నడిపాడు. బండి అసలు కదులుతోందా అన్నంత మెత్తగా పోతోంది. బయట కొంగల అరుపులు కూడా వినిపిస్తున్నాయి. నేను కిటికీలోంచి నది వంక చూస్తూ కూర్చున్నాను. నాన్న వేగం తగ్గించి నా వైపు వంగాడు.

"ఏటమ్మా, ఏటో అన్నావు?"

"ఏటీ అన్లేదు నాన్నా."

కొంచెం దూరం పోయాక మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత బండి నడిపినన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాడు.